బడి దాటిన తరువాత: వైకల్యం గల విద్యార్థుల పరివర్తన ప్రణాళిక

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
- పరివర్తన అంటే ఏమిటో, అది పదో తరగతికి ముందే ఎందుకు మొదలుకావాలో వివరించగలుగుతారు.
- విద్యార్థికి 14 నుంచి 18 ఏళ్ళ మధ్య పూర్తి చేయవలసిన పత్రాలను, నిర్ణయాలను వరుసక్రమంలో చెప్పగలుగుతారు.
- మీ ఊరిలోని పనులను విశ్లేషించి, ఒక విద్యార్థికి తగిన ప్రణాళికను తయారు చేయగలుగుతారు.
- తల్లిదండ్రుల భయాలను అర్థం చేసుకుని వారితో కలిసి పనిచేయగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున పాఠశాల తన బాధ్యత తీరిందని భావిస్తుంది. వైకల్యం గల విద్యార్థి ఇంట్లో అసలు ప్రశ్న ఆ రోజునే మొదలవుతుంది: ఇక ఏం చేయాలి? అప్పటివరకు ఉదయాన్నే తయారై బడికి వెళ్ళి, నలుగురితో కలిసి కూర్చుని, భవిత కేంద్రంలో ఒక ఉపాధ్యాయుని పర్యవేక్షణలో పెరిగిన పిల్లవాడు జూన్ నెల నుంచి ఇంటి అరుగు మీదనే ఉండిపోతాడు. సొంతంగా బస్సెక్కడం, చిల్లర లెక్కపెట్టడం, కొత్తవారితో మాట్లాడడం వంటి అలవాట్లు వాడకం లేక కొద్ది కాలంలోనే తగ్గిపోతాయి. పదేళ్ళ బోధన ఫలితం ఇలా కరిగిపోవడం ఆ కుటుంబానికే కాదు, సమాజానికీ నష్టమే.

ఈ యూనిట్‌లో మీరు గ్రహించవలసిన ముఖ్యాంశం ఒక్కటే. బడి నుంచి వయోజన జీవితానికి దారి ఫలితాల తరువాత వెతుక్కునేది కాదు. విద్యార్థి ఎనిమిదో తరగతిలో ఉండగానే, అతను నివసించే ఊరిలో నిజంగా ఉన్న పనులను, రాకపోకలను, ఇంటి పరిస్థితులను చూసి, అతనితోనే కూర్చుని రాసుకోవలసిన ప్రణాళిక అది. ఈ పనికి ఉపాధ్యాయుడే తగినవాడు. ఎందుకంటే పిల్లవాడిని బాగా ఎరిగిన చివరి సంస్థ బడి. ఆ తరువాత అతను వెళ్ళే ప్రతి కార్యాలయంలోనూ అతను ఒక దరఖాస్తు సంఖ్య మాత్రమే.

ఉదాహరణల కోసం మనం శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణాలను తీసుకుందాం: ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. ఈ మూడూ బెంగళూరు వెళ్ళే ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. అయినా మూడింటి బతుకుతెరువులు వేరు. ఒకచోట పనికివచ్చిన ప్రణాళిక మరొకచోట ఎందుకు పనికిరాదో వీటిని చూస్తే తెలుస్తుంది.

2. పదాల గురించి ఒక మాట

ఒకే విద్యార్థికి ఒక్కొక్క కార్యాలయంలో ఒక్కొక్క పేరు వినిపిస్తుంది. బడిలో ‘ప్రత్యేక అవసరాలు గల పిల్లలు’ అంటారు. కేంద్ర ప్రభుత్వ పత్రాలలో ‘దివ్యాంగులు’ అని ఉంటుంది. రాష్ట్ర సంక్షేమ శాఖ పేరులో ‘విభిన్న ప్రతిభావంతులు’ అని ఉంది. ఊళ్ళలోని సంఘాలు, పాత జీవోలు ‘వికలాంగులు’ అంటాయి. దరఖాస్తు నింపేటప్పుడు తల్లిదండ్రులు ఈ పేర్ల మధ్య తికమకపడతారు. ఇవన్నీ ఒకే హక్కుదారుని గురించేనని మీరు ముందుగా వారికి చెప్పాలి. ఈ యూనిట్‌లో ‘వైకల్యం గల విద్యార్థి’ అనే మాటను వాడుతున్నాం.

‘పరివర్తన’ అంటే విద్యార్థి బడి జీవితం నుంచి వయోజన జీవితంలోకి ప్రవేశించే దశ. ఇందులో ఐదు అంశాలు ఉంటాయి: పై చదువు లేదా శిక్షణ, పని, నివాసం మరియు స్వయం పోషణ, రాకపోకలు, సామాజిక సంబంధాలు. చాలామంది పరివర్తనను ఉద్యోగంతో సమానం చేస్తారు. ఉద్యోగం దొరికినా సొంతంగా అక్కడికి వెళ్ళి రాలేని వ్యక్తి ఆ పనిలో నిలవలేడు. తన జీతాన్ని తాను లెక్కపెట్టుకోలేని వ్యక్తి మోసపోతాడు. కాబట్టి ఐదింటినీ కలిపి ఆలోచించాలి.

3. చట్టం ఏమి ఇస్తుంది, ఎక్కడ ఆగుతుంది?

వైకల్యం గల వ్యక్తుల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరులో ఆమోదించింది. భారతదేశం 2007 అక్టోబరులో దానిని ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మన పనికి ప్రధాన ఆధారం. ఈ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం పొందినవారిని ‘బెంచ్‌మార్క్ వైకల్యం’ గలవారు అంటుంది. పరివర్తనకు సంబంధించి మీరు గుర్తుంచుకోవలసిన సెక్షన్లు ఇవి:

- సెక్షన్ 31: బెంచ్‌మార్క్ వైకల్యం గల పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు, దగ్గరి బడిలో గానీ, తాము కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య.
- సెక్షన్ 32: ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు, గరిష్ఠ వయోపరిమితిలో 5 ఏళ్ళ సడలింపు.
- సెక్షన్ 34: ప్రభుత్వ ఉద్యోగాలలో కనీసం 4 శాతం రిజర్వేషన్. ఆటిజం, మేధోపరమైన వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం గలవారు కూడా ఇప్పుడు ఇందులో ఉన్నారు.
- సెక్షన్ 19: వృత్తి శిక్షణ, స్వయం ఉపాధి పథకాలు, రాయితీ వడ్డీపై రుణాలు.
- సెక్షన్ 21: ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు, వైకల్యం గలవారికి తగిన పోస్టులు ఏవో, ఏ సదుపాయాలు కల్పిస్తాయో కూడా అందులో తెలపాలి.

సెక్షన్ 31లోని వయసును మరొకసారి చూడండి. 18 ఏళ్ళ వరకు చదువు హక్కుగా ఉంది. ఉన్నత విద్యలో, ఉద్యోగంలో రిజర్వేషన్ ఉంది. ఈ రెండింటి మధ్య వంతెన కట్టే బాధ్యత ఎవరిది? అమెరికా చట్టం ప్రకారం, ప్రత్యేక విద్య పొందే విద్యార్థికి 16 ఏళ్ళ వయసుకల్లా అతని వ్యక్తిగత విద్యా ప్రణాళికలో పరివర్తన లక్ష్యాలు రాయడం బడికి తప్పనిసరి. మన 2016 చట్టంలో అలాంటి ప్రత్యేక నిబంధన లేదు. చట్టం అడగకపోయినా ఈ ప్రణాళిక రాయవలసిన అవసరం అందుకే మనపై ఎక్కువగా ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) బెంచ్‌మార్క్ వైకల్యం అంటే ఏమిటి?
(ఆ) పరివర్తనలోని ఐదు అంశాలను పేర్కొనండి.

4. కాలక్రమం: ఏ వయసులో ఏ పని?

పరివర్తనలో ఎక్కువ నష్టం జరిగేది ప్రతిభ లేక కాదు, పత్రం సమయానికి లేక. అందువల్ల ఈ క్రమాన్ని మీ రిజిస్టరులో ప్రతి విద్యార్థి పేరు పక్కన రాసుకోండి.

4.1 ఎనిమిదో తరగతి, సుమారు 13–14 ఏళ్ళు

మొదటి పని సదరం ధ్రువపత్రం పరిశీలన. గ్రామ లేదా వార్డు సచివాలయంలో స్లాటు నమోదు చేసుకుంటే ప్రభుత్వ ఆసుపత్రిలోని వైద్య బృందం పరీక్షించి ధ్రువపత్రం ఇస్తుంది. ఇప్పటికే పత్రం ఉంటే, అది శాశ్వతమా తాత్కాలికమా అని చూడండి. తాత్కాలికమైతే గడువు తేదీని ఎర్ర సిరాతో రాసుకోండి. గడువు ముగిసిన సంగతి కళాశాల ప్రవేశాల రోజున బయటపడితే ఆ విద్యా సంవత్సరం పోతుంది.

నిర్దిష్ట అభ్యసన వైకల్యం విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఈ ధ్రువీకరణను 14 ఏళ్ళకు, 18 ఏళ్ళకు మళ్ళీ చేయించుకోవాలి. 18 ఏళ్ళకు ఇచ్చినది జీవితకాలం చెల్లుతుంది. ‘చిన్నప్పుడు చేయించాం కదా’ అని తల్లిదండ్రులు ఊరుకుంటే, ఇంటర్ పరీక్షలో అదనపు సమయం అడిగే ఆధారమే ఉండదు.

రెండో పని విద్యార్థి ఇష్టాయిష్టాల పరిశీలన. దీనిని 6వ భాగంలో చూద్దాం.

4.2 తొమ్మిది, పది తరగతులు, 14–16 ఏళ్ళు

15 ఏళ్ళు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాప వివరాలను తప్పనిసరిగా నవీకరించాలి. ఇది జరగకపోతే స్కాలర్‌షిప్ నుంచి బ్యాంకు వరకు అన్నీ ఆగుతాయి. వేలిముద్రలు పడని పిల్లల విషయంలో ముందుగానే ఆధార్ కేంద్రంలో మాట్లాడి పెట్టుకోవాలి.

పదో తరగతి పరీక్షకు లేఖకుడు, అదనపు సమయం వంటి సదుపాయాలకు దరఖాస్తు ప్రధానోపాధ్యాయుని ద్వారా సకాలంలో వెళ్ళాలి. లేఖకునితో పరీక్ష రాయడం కూడా ఒక నైపుణ్యమే. జవాబును మనసులో కూర్చుకుని, స్పష్టంగా చెప్పి, రాసినదాన్ని మళ్ళీ చదివించుకోవాలి. తొమ్మిదో తరగతి పరీక్షల నుంచే దీనిని అభ్యాసం చేయించండి.

పదో తరగతి ఒకేసారి పూర్తి చేయలేని విద్యార్థికి సార్వత్రిక విద్యాపీఠం మార్గం ఉంది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో ప్రవేశం ఐదేళ్ళపాటు చెల్లుతుంది. ఏడాదికి ఒకటి రెండు విషయాల చొప్పున పూర్తి చేయవచ్చు. ఈ దారిని బలహీనుల కోసమని చిన్నచూపు చూడకండి. మీరు చదువుతున్నది కూడా దూరవిద్యలోనే.

4.3 ఇంటర్ లేదా శిక్షణ, 16–18 ఏళ్ళు

ఇదే అత్యంత ప్రమాదకరమైన కాలం. భవిత కేంద్రం ఉపాధ్యాయునికి మండలంలోని పిల్లలు తెలుసు. జూనియర్ కళాశాలలో అధ్యాపకులకు ఈ విద్యార్థి కొత్త. కాబట్టి ‘అప్పగింత పత్రం’ ఒకటి రాయండి. ఒకే పేజీ చాలు. ‘ఈమెకు పెదవుల కదలిక చూస్తే మాట అర్థమవుతుంది. కాబట్టి మొదటి వరుసలో, కిటికీకి వీపు చేసి కూర్చోబెట్టండి. నల్లబల్ల వైపు తిరిగి పాఠం చెప్పవద్దు.’ ఇలాంటి నాలుగు వాక్యాలు వైద్య నివేదిక కంటే ఎక్కువ ఉపయోగపడతాయి.

4.4 18 ఏళ్ళు నిండిన రోజు

ఆ రోజు నుంచి విద్యార్థి చట్టప్రకారం వయోజనుడు. ఓటరుగా నమోదు కావాలి. మైనరు బ్యాంకు ఖాతాను సాధారణ ఖాతాగా మార్చుకోవాలి. తల్లిదండ్రులకు తెలియని సంగతి ఒకటుంది: 18 ఏళ్ళు దాటిన బిడ్డ తరఫున సంతకం చేసే అధికారం వారికి దానంతట అది ఉండదు. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధోపరమైన వైకల్యం, బహుళ వైకల్యాలు గలవారి కోసం జాతీయ ట్రస్టు చట్టం, 1999 ఉంది. దాని కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ, అవసరమని తేలితే, చట్టబద్ధ సంరక్షకుని నియమిస్తుంది. ఈ ట్రస్టు నిర్వహించే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది.

అయితే సంరక్షకత్వం అందరికీ అవసరం కాదు. సహాయంతో తన నిర్ణయం తాను తీసుకోగలిగితే ఆ హక్కును ఎవరూ తీసుకోరాదు. 2016 చట్టం సెక్షన్ 14 కూడా పరిమిత సంరక్షకత్వాన్నే చెబుతుంది. ఒక నిర్దిష్ట నిర్ణయం కోసం, నిర్దిష్ట కాలానికి, ఆ వ్యక్తితో సంప్రదిస్తూ ఉమ్మడిగా నిర్ణయించడం దాని భావం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) అప్పగింత పత్రం ఎందుకు అవసరం?
(ఆ) 18 ఏళ్ళు నిండగానే చూసుకోవలసిన మూడు పనులు రాయండి.

5. మూడు పట్టణాలు, మూడు పని లోకాలు

వృత్తి శిక్షణ అనగానే కొవ్వొత్తులు, అగరుబత్తులు, కాగితపు సంచులు గుర్తుకు వస్తాయి. శిక్షణ ఇవ్వడానికి అవి సులువు. ఆ సరుకు కొనేవారు ఊళ్ళో ఉన్నారా అనే ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ప్రణాళిక రాయడానికి ముందు మీరు ఊరంతా తిరిగి, అక్కడ జనం దేనికి కూలి ఇస్తున్నారో చూడాలి.

5.1 ధర్మవరం

ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది. మగ్గం గుంటలో కూర్చుని కాళ్ళతో తొక్కుతూ నేసే పని, కాళ్ళలో సత్తువ లేనివారికి కష్టం. కానీ ఒక చీర వెనుక నేత ఒక్కటే ఉండదు. కండెలు చుట్టడం, ఆసు పోయడం, పాత పడుగు దారాలకు కొత్తవి కలిపి అచ్చు అతకడం, డిజైను గ్రాఫు తయారు చేయడం, జకార్డు అట్టలు గుద్దడం, చీర మడత పెట్టడం, లెక్కలు రాయడం వంటి పనులు ఉన్నాయి. ఒక్కొక్కదానికి శరీరంలో ఒక్కొక్క సామర్థ్యం కావాలి. కండెలు చుట్టడానికి ఒకచోట కూర్చునే ఓపిక కావాలి. అచ్చు అతకడానికి చూపు, వేళ్ళ నేర్పు కావాలి. డిజైను పనికి రంగుల అవగాహన, కంప్యూటరు కావాలి. వినికిడితో దానికి పని లేదు.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల తయారీకి ప్రసిద్ధి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేక తోలు మీద బొమ్మ గీయడం, ఉలితో రంధ్రాలు కొట్టడం, రంగులు వేయడం నేల మీద కూర్చుని చేసే పనులు. ఇప్పుడు దీపాల తొడుగులు, గోడ బొమ్మలు కూడా ఈ తోలుతో తయారవుతున్నాయి. చిత్రలేఖనంలో ఆసక్తి గల విద్యార్థికి ఇది చూపించదగిన పని.

5.2 పెనుకొండ

విజయనగర రాజుల రెండో రాజధానిగా పేరొందిన పెనుకొండ దగ్గర, జాతీయ రహదారి పక్కన ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం వచ్చింది. 2019లో అక్కడ కార్ల ఉత్పత్తి మొదలైంది. దాని చుట్టూ విడిభాగాల పరిశ్రమలు వచ్చాయి. ఇలాంటి చోట పని అంటే షిఫ్టు, గేటు, గుర్తింపు కార్డు, భద్రతా నియమాలు. వినికిడి లోపం గల యువకుడు విడిభాగాల తనిఖీలో బాగా రాణించవచ్చు. కానీ హెచ్చరిక గంటతోపాటు వెలిగే దీపం కూడా అక్కడ ఉండాలి. చక్రాల కుర్చీలో ఉన్న యువతి కంప్యూటరు నమోదు పని చేయగలదు. కానీ షిఫ్టు బస్సు మెట్లు ఎక్కలేకపోతే ఆ నైపుణ్యం వృథా. కర్మాగారాల మానవ వనరుల విభాగానికి మీరు బడి తరఫున లేఖ రాసి, సెక్షన్ 21 ప్రకారం ఉండవలసిన సమాన అవకాశాల విధానం ప్రతిని అడగవచ్చు. దయ చూపమని వేడుకోవడానికి, విధానం చూపమని అడగడానికి చాలా తేడా ఉంది.

5.3 హిందూపురం

హిందూపురం కర్ణాటక సరిహద్దు పట్టణం. వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. పట్టుగూళ్ళ మార్కెట్టు, బెల్లం, చింతపండు, ఎండుమిర్చి వ్యాపారం, తూముకుంట, గోళ్ళాపురం ప్రాంతాలలో పరిశ్రమలు, చుట్టుపక్కల ఊళ్ళలో మల్బరీ తోటలు ఉన్నాయి.

పట్టుపురుగుల పెంపకాన్ని పని విశ్లేషణకు ఉదాహరణగా తీసుకుందాం. పని విశ్లేషణ అంటే ఒక పనిని చిన్న చిన్న దశలుగా విడగొట్టి, ఏ దశకు ఏ సామర్థ్యం కావాలో గుర్తించడం. పురుగు ఐదు దశలలో పెరుగుతుంది. దశకు దశకు మధ్య వచ్చే నిద్రను రైతులు ‘జ్వరం’ అంటారు. ఆకు కోయడం, మోయడం, స్టాండ్ల మీద పరచడం, పడక శుభ్రం చేయడం, పండిన పురుగులను చంద్రికల మీదికి చేర్చడం, గూళ్ళు విడిపించడం వేళ ప్రకారం పదే పదే వచ్చే పనులు. దినచర్య స్థిరంగా ఉండే పనులు మేధోపరమైన వైకల్యం గల చాలామందికి అనుకూలం. పురుగు జ్వరంలోకి వెళ్ళిందా, ఆకు ఎప్పుడు ఆపాలి, మళ్ళీ ఎప్పుడు వేయాలి అనేది అనుభవంతో తీసుకునే నిర్ణయం. అది కుటుంబంలో మరొకరు చూసుకోవాలి. గూళ్ళ నుంచి దారం తీసే చోట మరిగే నీరు ఉంటుంది కాబట్టి మూర్ఛలు వచ్చేవారిని అక్కడ పెట్టరాదు. ఇలా విడగొట్టి చూసినప్పుడు ‘వీడు ఈ పని చేయలేడు’ అనే మాట ‘ఈ ఆరింటిలో ఐదు చేయగలడు’ అనే మాటగా మారుతుంది.

6. విద్యార్థి మాట వినడం

పై పనులన్నీ మనం చూసినవి. ఎంచుకోవలసినది విద్యార్థి. అతన్ని అడగకుండా తల్లి, ఉపాధ్యాయుడు, అధికారి కలిసి నిర్ణయించిన ప్రణాళిక ఎంత చక్కగా ఉన్నా నిలవదు.

మాట్లాడగల విద్యార్థిని ‘పెద్దయ్యాక ఏమవుతావు?’ అని అడగకండి. అందరూ ‘టీచరు’, ‘పోలీసు’ అనే చెబుతారు. ‘ఇంట్లో నీకు ఏ పని చెప్తే సంతోషంగా చేస్తావు? ఎండలో పని నచ్చుతుందా, నీడలోనా? గుంపులో ఉండాలా, ఒక్కడివే ఉండాలా?’ అని అడగండి. మాట రాని విద్యార్థికి పనుల చిత్రాలు చూపి ఎంచుకోనివ్వండి. ఆ తరువాత ఒక్కొక్క పని చోట కొన్ని రోజులు కూర్చోబెట్టి ముఖం, చేతులు, అలసట గమనించండి. మూడో రోజు తనంతట తాను చెప్పులు వేసుకుని బయలుదేరాడంటే అదే అతని జవాబు.

7. ఒక నమూనా ప్రణాళిక

ఇది బోధన కోసం ఊహించిన ఉదాహరణ. ధర్మవరంలో నేత కుటుంబానికి చెందిన బాలిక తొమ్మిదో తరగతి చదువుతోంది. తీవ్రమైన వినికిడి లోపం ఉంది. బొమ్మలు బాగా గీస్తుంది. తండ్రి ఆమెను పదో తరగతి తరువాత కండెలు చుట్టడానికి కూర్చోబెడదామని అనుకుంటున్నాడు. ఆమె కంప్యూటరు నేర్చుకోవాలని కోరుతోంది.

- బలాలు: చిత్రలేఖనం, రంగుల అవగాహన, చీరల నమూనాలతో చిన్ననాటి నుంచి పరిచయం.
- లక్ష్యం: మూడేళ్ళలో జకార్డు డిజైను గ్రాఫు పని సొంతంగా చేయగలగడం, ఇంటర్ పూర్తి చేయడం.
- ఈ ఏడాది: సదరం పత్రం గడువు పరిశీలన, వినికిడి యంత్రం పరీక్ష, వారానికి రెండు రోజులు బడి కంప్యూటరు గదిలో సాధన.
- వచ్చే ఏడాది: పదో తరగతి సదుపాయాల దరఖాస్తు, వేసవి సెలవుల్లో ఒక డిజైను కేంద్రంలో నాలుగు వారాల పరిచయ శిక్షణ.
- ఆ పై ఏడాది: కళాశాలకు అప్పగింత పత్రం, ఆర్టీసీ రాయితీ పాసు, సొంత పేరుతో బ్యాంకు ఖాతా.
- ఎవరి బాధ్యత: ప్రతి పని పక్కన ఒకే ఒక్క పేరు, ఒక తేదీ.

చివరి అంశాన్ని నిర్లక్ష్యం చేయకండి. ‘అందరూ’ అని రాసిన పని ఎవరూ చేయరు. ఇంకొకటి గమనించండి: ఈ ప్రణాళిక తండ్రి వృత్తిని కాదనలేదు. అదే వృత్తిలో కూతురికి మెరుగైన కూలి వచ్చే చోటును వెతికింది. అందువల్ల తండ్రి దానిని ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

8. రాకపోకలు

పని ఉన్న చోటుకు సొంతంగా చేరగలగడం పనిలో సగం. దీనిని బడిలోనే నేర్పవచ్చు. మొదట ఉపాధ్యాయుడు పక్కన కూర్చుని బస్సు ప్రయాణం చేయించాలి. తరువాత రెండు సీట్ల వెనుక కూర్చోవాలి. ఆ పైన గమ్యస్థానంలో ఎదురుచూడాలి. చివరికి ఫోన్ మాత్రమే తోడు. దీనికి నెల పట్టవచ్చు, ఏడాది పట్టవచ్చు. ఒంటరిగా ప్రయాణించలేనివారికి, పూర్తి అంధులకు, మేధోపరమైన వైకల్యం గలవారికి, వినికిడి మరియు మాట పూర్తిగా లేనివారికి రైల్వే చార్జీలో రాయితీ ఉంది. ధర్మవరం విద్యార్థి హిందూపురంలో శిక్షణకు వెళ్ళాలంటే ఈ కార్డు చాలా ఉపకరిస్తుంది.

9. తల్లిదండ్రుల భయాలు

మీరు ఎంత మంచి ప్రణాళిక రాసినా మూడు భయాలు అడ్డు వస్తాయి. వీటిని మూర్ఖత్వమని కొట్టిపారేయకండి. వాటికి కారణాలు ఉన్నాయి.

మొదటిది పింఛను భయం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వైకల్య పింఛను నెలకు 6,000 రూపాయలు. ప్రతి నెలా ఇంటికే వచ్చే సొమ్మును అనిశ్చితమైన కూలి కోసం పోగొట్టుకోవడానికి పేద కుటుంబం వెనకాడుతుంది. ‘పనికి పంపితే పింఛను ఆపేస్తారేమో’ అనేవారికి మీరు ఊహతో జవాబు చెప్పవద్దు. నిబంధనలు మారుతుంటాయి. కాబట్టి సచివాలయానికి వారితోపాటు వెళ్ళి, ఆ కుటుంబ ఆదాయానికి ఏది వర్తిస్తుందో అక్కడే తేల్చుకోండి. పింఛను చేతిలో ఉన్నప్పుడే శిక్షణ మొదలుపెట్టడం మంచిది. ఆ సొమ్ము బస్సు చార్జీకి, భోజనానికి ఆసరా అవుతుంది.

రెండోది భద్రత గురించిన భయం. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. మంచి స్పర్శ, చెడు స్పర్శ, ‘వద్దు’ అని చెప్పడం, నెలసరి పరిశుభ్రత, ఎవరికి ఫోన్ చేయాలి అనేవి ప్రణాళికలో పాఠ్యాంశాలుగా ఉండాలి. ఇంట్లో దాచడం వల్ల భద్రత వస్తుందనుకోవడం సరికాదు. తనకు జరిగినదాన్ని చెప్పడం నేర్వని అమ్మాయికి ఇంట్లోనూ రక్షణ తక్కువే.

మూడోది ‘మా తరువాత ఎవరు?’ అనే భయం. దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. కానీ తల్లిదండ్రులు బతికి ఉండగానే బిడ్డ తన అన్నం తాను పెట్టుకుని తినడం, బట్టలు ఉతుక్కోవడం, మందులు వేళకు వేసుకోవడం నేర్చుకుంటే, రేపు అన్నావదినలకైనా, ఏ సంస్థకైనా ఆ బాధ్యత తేలికవుతుంది. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను ప్రణాళిక సమావేశానికి పిలవండి. వారిని అడగకుండా వారి మీద భారం వేయకండి.

ఈ మూడు భయాలనూ మీకన్నా బాగా పోగొట్టగలవారు ఒకరున్నారు: అదే దారిలో నడిచి ఇప్పుడు సంపాదిస్తున్న వైకల్యం గల పెద్దలు. పాత అనంతపురం జిల్లాలో మండల సమాఖ్యలు, గ్రామ వికలాంగుల సంఘాలు చాలాకాలంగా ఉన్నాయి. 1969లో అనంతపురంలో ప్రారంభమైన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కూడా ఈ ప్రాంతంలో వైకల్యం గలవారితో పనిచేసింది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక జిల్లా కార్యాలయాలు పుట్టపర్తిలో ఉన్నాయి. సంఘాల సభ్యులకు ఏ పని ఏ కార్యాలయంలో అవుతుందో తెలుసు. మీ బడి సమావేశానికి వారిలో ఒకరిని పిలవండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3
(అ) పని విశ్లేషణ వల్ల కలిగే ప్రయోజనం ఏమిటి?
(ఆ) పింఛను పోతుందని భయపడే తల్లికి మీరు ఎలా సహాయపడతారు?

10. సారాంశం

పరివర్తన అంటే ఉద్యోగం ఒక్కటే కాదు. చదువు, పని, స్వయం పోషణ, రాకపోకలు, సంబంధాలు కలిసినది. 2016 చట్టం 18 ఏళ్ళ వరకు చదువును, ఆపైన రిజర్వేషన్లను ఇచ్చింది. మధ్య దూరాన్ని దాటించే ప్రణాళికను బడే రాయాలి. ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టి, పత్రాల గడువులను, విద్యార్థి ఇష్టాన్ని, ఊరిలోని నిజమైన పనులను కలిపి, ప్రతి పనికి ఒక పేరు, ఒక తేదీ పెట్టి రాసుకోవాలి. ధర్మవరం మగ్గం, పెనుకొండ కర్మాగారం, హిందూపురం మల్బరీ తోట వేరు వేరు ప్రణాళికలను కోరతాయి. మీ ఊరు మరొకటి కోరుతుంది.

11. అభ్యాసం

మీ మండలంలో ఎనిమిది లేదా తొమ్మిదో తరగతి చదువుతున్న వైకల్యం గల ఒక విద్యార్థిని, తల్లిదండ్రుల అనుమతితో ఎంచుకోండి.
(1) అతని లేదా ఆమె పత్రాల గడువు తేదీలను పట్టికగా రాయండి.
(2) ఊరిలో కూలి లేదా జీతం దొరికే పది పనులను స్వయంగా చూసి రాయండి. వాటిలో ఒకదానికి పని విశ్లేషణ చేయండి.
(3) విద్యార్థితో మాట్లాడి, 7వ భాగంలోని నమూనా ప్రకారం మూడేళ్ళ ప్రణాళిక తయారు చేయండి.
(4) ప్రణాళిక ప్రతిని కుటుంబానికి ఇవ్వండి. ఆరు నెలల తరువాత ఏవి జరిగాయో, ఏవి జరగలేదో సరిచూడండి. జరగని పని పక్కన కారణంతోపాటు కొత్త తేదీ రాయండి.